నలుపు తెలుపు ఫొటోలకు ఏ సాఫ్ట్‌వేర్?

శాచురేషన్ (రంగుల గాఢత) సున్నాకి లాగేస్తే ఎర్ర చీర, పచ్చని ఆకులు దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. అందుకే ఒక్కో రంగు వెలుగును విడిగా పెంచి తగ్గించేందుకు రంగుకో స్లైడర్ ఉండాలి. అడోబీ వారి ఫొటో ఎడిటర్ లైట్‌రూమ్‌లో ఎనిమిది ఉన్నాయి. ఆరెంజ్ కాస్త పెంచితే ముఖం తేటపడుతుంది, బ్లూ తగ్గిస్తే ఆకాశం ముదిరి మబ్బులు తేలతాయి. బ్లూని −50, −60 దాటించారో, ఆకాశమంతా నాయిస్ (గరుకు చుక్కలు), కొండల అంచున తెల్లటి గీత! 8 బిట్ జేపెగ్ అయితే చారలు కూడా పడతాయి, రా (RAW, కెమెరా సెన్సర్ నుంచి నేరుగా వచ్చే) ఫైలే వాడండి.

గ్రెయిన్ (పాత ఫిల్మ్‌లో కనిపించే రేణువుల) అందం మాత్రం సిల్వర్ ఎఫెక్స్‌దే. 2016లో గూగుల్ ఉచితంగా ఇచ్చిన ఈ ప్లగిన్ (వేరే ఎడిటర్‌కి తగిలించుకునే టూల్) ఇప్పుడు డీఎక్స్‌ఓ కంపెనీ చేతిలో ఉంది, కొనుక్కోవాల్సిందే.

ఉచిత ఎడిటర్ జింప్‌లోని నలుపు తెలుపు టూల్ మోనో మిక్సర్‌కి పైసా ఖర్చు లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడే స్లైడర్లు. వాటి మొత్తం 1 దాటితే, ప్రిజర్వ్ ల్యూమినాసిటీ (మొత్తం వెలుగును నిలిపి ఉంచే ఆప్షన్) టిక్ లేకుంటే, తెల్లని చోట్ల వివరాలు పోతాయి. నారింజను విడిగా పట్టుకోలేదు కనుక పోర్ట్రెయిట్లకు నా ఓటు దీనికి కాదు.