టీవీ గోడకు మాండ్రియనా, కాండిన్‌స్కీయా?

తిరుచానూరు రోడ్డు వైపు కొత్త ఫ్లాట్లు తీసుకున్నవాళ్లు ఈ మధ్య ఫోన్లో రెండు బొమ్మలు చూపించి అడుగుతున్నారు. నల్ల గీతల మధ్య ఎరుపు, నీలం, పసుపు గడులుండే మాండ్రియన్ బాగుంటుందా, వృత్తాలూ త్రికోణాలూ తేలాడే కాండిన్‌స్కీ బాగుంటుందా అని. ఇద్దరూ చిత్రకారులు, ఆ బొమ్మలు రెండూ దాదాపు వందేళ్ల నాటివి. ఇంకా మన ప్లైవుడ్ మీదికి వస్తున్నాయంటే నాకు ముచ్చటగానే ఉంది.

నేను మాత్రం మొదట గోడ చూస్తాను. అక్కడ స్విచ్ బోర్డు ఉంటుంది, ఏసీ ఉంటుంది, పక్కనే పూజ గది తలుపు. వీటన్నిటినీ తనలో కలుపుకునేది ఏదైతే అదే మేలు.

మాండ్రియన్ కలుపుకుంటాడు. నిలువు గీతలూ అడ్డగీతలే కదా, తలుపు చట్రం ఒక గీతైపోతుంది, స్విచ్ బోర్డు ఒక గడైపోతుంది. మాండ్రియన్ ఉన్న 'డి స్టైల్' అనే కళాకారుల బృందంలోని వాస్తుశిల్పి రీట్‌వెల్డ్ 1924లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో కట్టిన ష్రోడర్ ఇల్లు చూడండి, కిటికీ చట్రాలూ బాల్కనీ కమ్మీలూ కూడా రంగు గీతలే. పై అంతస్తులో గదుల మధ్య అడ్డాలు పక్కకు జరుపుకోవచ్చు.

అయితే మనవాళ్లు ప్రతి గడికీ రంగు వేయమంటారు. అక్కడే చెడుతుంది. మాండ్రియన్ 1930లో వేసిన ప్రసిద్ధ చిత్రంలో కుడివైపు పైన పెద్ద ఎరుపు, ఎడమవైపు కింద నీలం, కుడి మూలన ఇంత పసుపు. మిగతాదంతా తెలుపే. గీతలు కూడా ఒకే మందంలో ఉండవు. వడ్రంగికి ముందే చెప్పకపోతే అన్నిటికీ ఒకే సైజు పట్టీ కొట్టేసి పోతాడు. కాళహస్తి కలంకారీ తగిలించాలనుకుంటే అన్నిటికన్నా పెద్ద తెల్ల గడి దానికి వదిలేయండి, పక్కన ఎరుపు పెట్టకండి.

కాండిన్‌స్కీ గొప్పవాడే. 1922 నుంచి 1933 దాకా జర్మనీలోని బౌహౌస్ అనే కళా పాఠశాలలో పాఠాలు చెప్పాడు. పసుపుకు త్రికోణం, ఎరుపుకు చతురస్రం, నీలానికి వృత్తం అని జత కట్టాడు. కానీ ఆయన ఆకారాలకు చుట్టూ చోటు కావాలి. వాటి మధ్య స్విచ్ బోర్డు వచ్చిందంటే మరకలా కనిపిస్తుంది. పైగా లామినేట్‌ను గుండ్రంగా కోసి అంచు అంటించడం కష్టం, రంగు వేయించుకోవడమే సులువు. పిల్లల గదికో, ప్లే స్కూలు గోడకో, పోస్టరుకో అయితే మారుమాట లేకుండా ఆయన్నే తీసుకోమంటాను.

కర్టెన్లకూ దిండు గలీబులకూ అయితే చిత్రకారిణి సోనియా డెలోనే. 1911లో కొడుకు కోసం ఆమె కుట్టిన అతుకుల బొంత చూస్తే ఎందుకో తెలుస్తుంది.

రష్యాలో పనిచేసిన చిత్రకారుడు మాలెవిచ్ వేసిన నల్ల చతురస్రం కావాలన్నవాళ్లూ ఉన్నారు. 1915 ప్రదర్శనలో ఆయన దాన్ని, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే మూలన తగిలించాడు. ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించుకుని రండి, తర్వాత కొలతలు తీసుకుందాం.