పీహెచ్‌డీ2తో కొన్నేళ్లు: గైడింగ్ సెట్టింగ్స్ ఎప్పుడు ముట్టుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి

రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసేటప్పుడు ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ (టెలిస్కోప్‌ని తిప్పే స్టాండ్) కదలికను సరిదిద్దడమే గైడింగ్. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. కాబట్టి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. కొన్నేళ్లుగా వాడుతున్నాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది: దీని డిఫాల్ట్ సెట్టింగ్స్ చాలావరకు సరిగ్గానే ఉంటాయి. గైడింగ్ లోపాన్ని చూపే గ్రాఫ్ బాగాలేదంటే కారణం చాలాసార్లు గేర్లలోనో, బ్యాలెన్స్‌లోనో, వేలాడే కేబుల్‌లోనో ఉంటుంది. అదేంటో చూడకుండా నంబర్లు మారిస్తే ఉన్న గైడింగ్ కూడా చెడుతుంది.

నాది బెల్ట్ డ్రైవ్ ఉన్న వార్మ్ గేర్ (మర ఆకారపు గేర్) మౌంట్. మీద 550 మి.మీ. ఫోకల్ లెంగ్త్ రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్), 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా. అంటే ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కి 1.4 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). గైడింగ్ నక్షత్రాన్ని చూసే చిన్న టెలిస్కోప్, అంటే గైడ్ స్కోప్, 200 మి.మీ., దాని కెమెరా పిక్సెల్ 3.75 మైక్రాన్లు, అక్కడ పిక్సెల్‌కి దాదాపు 3.9 ఆర్క్ సెకన్లు. పిక్సెల్ సైజును 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే మీ లెక్క మీకు వచ్చేస్తుంది.

ఈ లెక్క ముందే ఎందుకంటే, మినిమమ్ మూవ్ సెట్టింగ్ పిక్సెళ్లలో ఉంటుంది. నక్షత్రం అంతకన్నా తక్కువ కదిలితే సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు. ఎవరి స్క్రీన్‌షాట్‌లోనో 0.2 చూసి మనమూ 0.2 పెట్టేస్తాం. వాళ్లది ఆఫ్ యాక్సిస్ గైడర్ (ప్రధాన టెలిస్కోప్ కాంతిలోంచే కొంత గైడ్ కెమెరాకి మళ్లించేది) అయి, పిక్సెల్‌కి 1 ఆర్క్ సెకను ఉంటే వాళ్లకి అది 0.2 ఆర్క్ సెకనే. నా గైడ్ స్కోప్‌లో అదే నంబరు దాదాపు 0.8 ఆర్క్ సెకను అవుతుంది. ఒకరి సెట్టింగ్స్ ఇంకొకరికి పనికిరాకపోవడానికి ఇదే పెద్ద కారణం.

మరి మన నంబరు ఎక్కడి నుంచి రావాలి? గైడింగ్ అసిస్టెంట్ నుంచి. ఈ సాఫ్ట్‌వేర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. నడుస్తున్నంతసేపూ కరెక్షన్లు ఆపేసి, నక్షత్రాన్ని దాని మానాన వదిలేసి చూస్తుంది. వాతావరణంలోని గాలి పొరల వల్ల ఎంత వణుకుతోంది, పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి గురిపెట్టడం) ఎంత తప్పింది, ఆర్.ఏ. (తూర్పు పడమరల కదలిక) ఎంత వేగంగా జరుగుతోంది అన్నీ కొలిచి, ఆ రాత్రికి తగ్గ మినిమమ్ మూవ్ సూచిస్తుంది. రెండు నిమిషాలు చాలు గానీ, నేను వార్మ్ ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆగుతాను. నా మౌంట్‌లో అది సుమారు ఎనిమిది నిమిషాలు. చివర్లో బ్యాక్‌లాష్ (గేర్ పళ్ల మధ్య ఖాళీ) టెస్ట్ కూడా టిక్ చేయండి, తప్పకుండా.

ఎందుకంటే అసలు తలనొప్పి డెక్ (డెక్లినేషన్, అంటే ఉత్తర దక్షిణాల కదలిక) వైపే. బ్యాక్‌లాష్ గ్రాఫ్‌లో ఎలా కనిపిస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. డెక్ గీత నెమ్మదిగా పైకి జరుగుతుంది. కిందికి లాగే పల్స్ (కరెక్షన్ ఆదేశం) వెళ్తుంది, గీత కదలదు. ఇంకోటి వెళ్తుంది, అదీ అంతే. గేర్ పళ్ల మధ్య ఖాళీ పూర్తయ్యేదాకా ఆ పల్సులన్నీ అందులోనే పోతాయి. పళ్లు తగలగానే గీత ఒక్కసారిగా దిగి సున్నా దాటిపోతుంది. ఇప్పుడు అటు నుంచి ఇటు మళ్లీ ఇదే వరస. ఇది చూసి అగ్రెసివ్‌నెస్ (లోపంలో ఎంత శాతం ఒక్కసారికి సరిదిద్దాలో చెప్పే సెట్టింగ్) పెంచితే ఊగడం ఇంకా ఎక్కువవుతుంది. నేను చేసేది వేరు: పోలార్ అలైన్‌మెంట్‌ని కొద్దిగా తప్పించి, డెక్ ఒకే వైపు జరిగేలా చూసి, దానికి ఎదురు దిశలో మాత్రమే గైడ్ చేయమంటాను. పళ్లు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉంటాయి, గీత నిలబడుతుంది. దీని మీద చాలామందికి చిన్నచూపు ఉంది, ఎందుకో నాకు అర్థం కాదు. డెక్‌కి డిఫాల్ట్‌గా వచ్చే రెసిస్ట్ స్విచ్ అల్గారిథమ్ కూడా తొందరపడి దిశ మార్చదు, అందుకే దాన్ని అలాగే ఉంచాను.

ఆర్.ఏ.లో నేను మార్చింది ముఖ్యంగా గైడ్ కెమెరా ఎక్స్‌పోజర్. ఒక సెకను పెడితే గాలి వణుకుని నిజమైన కదలిక అనుకుని మౌంట్ దాని వెంట పరుగెడుతుంది. 2 నుంచి 3 సెకన్లు పెడితే ఆ వణుకు సగటుకి వచ్చేస్తుంది. హిస్టరిసిస్ అల్గారిథమ్ (ముందటి కరెక్షన్లనీ లెక్కలోకి తీసుకునేది), 70 శాతం అగ్రెసివ్‌నెస్, రెండూ డిఫాల్టే. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు రాసిన ప్రిడిక్టివ్ పీఈసీ కూడా వాడి చూశాను. వార్మ్ లోపం తిరిగి తిరిగి వచ్చే తీరును నేర్చుకుని ముందే సర్దుతుంది. నేర్చుకోవడానికి టైం పడుతుంది కాబట్టి ఒకే టార్గెట్ మీద రాత్రంతా ఉండేవాళ్లకి బాగుంటుంది. హార్మోనిక్ డ్రైవ్ మౌంట్లకు మాత్రం పైన చెప్పిన ఎక్స్‌పోజర్ నప్పదు. వాటి లోపం వేగంగా మారుతుంది, అర సెకను నుంచి ఒక సెకను లోపే కరెక్షన్ అందాలి. అక్కడ గాలి వణుకును తగ్గించడానికి మల్టీ స్టార్ గైడింగ్ (ఒకేసారి చాలా నక్షత్రాల్ని చూసి సగటు తీసుకోవడం) ఆన్ చేసుకోవాలి.

క్యాలిబ్రేషన్ (ఏ పల్స్‌కి నక్షత్రం ఎటు, ఎంత కదులుతుందో సాఫ్ట్‌వేర్ కొలుచుకోవడం) ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా, మెరిడియన్ (ఉత్తర దక్షిణాలను కలుపుతూ నడినెత్తి మీదుగా పోయే రేఖ) పక్కన చేయండి. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ ఆర్.ఏ. కదలిక కెమెరాలో చిన్నదవుతుంది. 60 డిగ్రీల డెక్లినేషన్ దగ్గర సగమే కనిపిస్తుంది. మౌంట్‌ని ఆస్కామ్ (మౌంట్‌తో కంప్యూటర్ మాట్లాడేందుకు వాడే డ్రైవర్) ద్వారా కలిపితే డెక్లినేషన్ సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తుంది, కాబట్టి ఒక మంచి క్యాలిబ్రేషన్‌ని రోజులతరబడి వాడుకోవచ్చు. కరెక్షన్లు మాత్రమే పంపే ఎస్‌టీ4 కేబుల్‌తో ఆ సౌకర్యం లేదు.

మామూలు రాత్రుల్లో నాకు మొత్తం ఆర్‌ఎమ్‌ఎస్ (ఒక రకం సగటు గైడింగ్ లోపం) 0.6 నుంచి 0.8 ఆర్క్ సెకను వస్తుంది. నా పిక్సెల్ స్కేల్‌లో అది దాదాపు సగం, చాలు. ఆ మొత్తం కన్నా ఆర్.ఏ., డెక్ విలువలు దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది నేను ముందు చూస్తాను. ఒకటి 0.4, ఇంకొకటి 0.9 అయితే నక్షత్రాలు కోలగా వస్తాయి.

గ్రాఫ్ చక్కగా ఉండి కూడా ఫొటోలో నక్షత్రాలు సాగితే అది గైడ్ స్కోప్ వంగడం వల్ల కావచ్చు. దానికి ఏ సెట్టింగూ మందు కాదు. డిథరింగ్ (ఫొటోకీ ఫొటోకీ మధ్య టెలిస్కోప్‌ని కావాలనే కొద్దిగా జరపడం) ఆపి ఓ అరగంట వరసగా ఫొటోలు తీసి, మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూడండి. నక్షత్రాలన్నీ ఒకే వైపు జరిగి ఉంటే గైడ్ స్కోప్ రింగులు, ఫోకసర్ స్క్రూలు బిగించండి. అప్పటికీ తగ్గకపోతే ఆఫ్ యాక్సిస్ గైడర్‌కి మారడమే.