ఒకే బ్యాండా, నాలుగు బ్యాండ్లా? ఎక్స్‌పెరిమెంటల్ మెటల్‌ బేసిస్ట్‌కి ఏది మేలు?

"చెయ్యి తిరిగింది, 5/8, 7/8 లాంటి బేసి తాళాల లెక్కలు పట్టుబడ్డాయి. ఇప్పుడు ఒకే బ్యాండ్‌ని నమ్ముకుని ఉండాలా, పిలిచినవాళ్లందరితోనూ వాయించాలా?" తాళంతో ప్రయోగాలు చేసే ఎక్స్‌పెరిమెంటల్ మెటల్‌లో బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎక్కువమంది డబ్బు గురించో, పేరు గురించో ఆలోచించి అడుగుతారు. ఆ రెండూ అక్కర్లేదని అనను. కానీ నా లెక్కలో దీన్ని తేల్చేది వేరే ఉంది: ఒకే డ్రమ్మర్ పక్కన మీకు ఎన్నేళ్లు దొరుకుతాయి?

ఎందుకో చెబుతాను. గిటార్ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే చిన్న స్వరాల వరుస, ఏడు ఎయిత్ నోట్ల (అర బీట్ నోట్ల) పొడవుందనుకోండి. డ్రమ్మర్ సింబల్ (లోహపు పళ్లెం) మీద మామూలు 4/4 నడుపుతున్నాడు, అంటే బార్‌కి (ఒక ఆవృతానికి) నాలుగు బీట్లు, ఎనిమిది ఎయిత్ నోట్లు. రిఫ్ 8 సార్లు తిరిగి, సింబల్‌కి 7 బార్లు పూర్తయ్యాక, అంటే 56 నోట్ల తర్వాత గానీ ఇద్దరూ మళ్లీ ఒకటో బీట్ మీద కలవరు. ఈలోగా కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) రిఫ్‌ని పట్టుకుని పోతుంటుంది, సింబల్ తన నాలుగు తాను లెక్కపెడుతుంటుంది. బేసిస్ట్ ఎవరి వెంట వెళ్లాలి? కిక్ వెంట వెళితే రిఫ్‌కి బరువు వస్తుంది. సింబల్ వెంట వెళితే వినేవాడికి తల ఊపడానికి ఆధారం దొరుకుతుంది. మధ్యలో ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అందుకుంటే పాట రూపమే మారిపోతుంది. పైగా ట్యూనింగ్ బాగా కిందికి దించినప్పుడు తీగ వదులవుతుంది, కాబట్టి నోట్ స్పష్టంగా తేలడానికి కాస్త సమయం పడుతుంది. కిక్ కంటే రవ్వంత వెనకబడినా రెండూ కలిసి ముద్దయిపోతాయి. మీ డ్రమ్మర్ ఫిల్‌కి (పాట మలుపులో వాయించే చిన్న డ్రమ్ విన్యాసానికి) ముందు కొంచెం తోస్తాడా, వెనక్కి లాగుతాడా అన్నది నోట్స్ చూసి నేర్చుకునేది కాదు. అది ఏళ్ల తరబడి రిహార్సల్ గదిలో ఒంటికి పట్టాలి.

ఒకే బ్యాండ్ దారికి జస్టిన్ ఛాన్సలర్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. 1995లో పాల్ డి'అమోర్ స్థానంలో టూల్ బ్యాండ్‌లో బేసిస్ట్‌గా చేరాడు, అప్పటినుంచీ డ్రమ్మర్ డానీ కేరీ పక్కనే ఉన్నాడు. 2001లో వచ్చిన వాళ్ల పాట 'స్కిజమ్' బేస్ రిఫ్‌తోనే మొదలవుతుంది. పాటలో ఎక్కువ భాగం 5/8, 7/8 బార్లు ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి. అయినా విన్నవాడికి ఎక్కడా లెక్క గుర్తురాదు, రిఫ్ నాలుక మీద ఆడుతుంటుంది. ఆ సులువు ఇద్దరు కలిసి చాలాకాలం కూర్చుంటేనే వస్తుందని నా నమ్మకం. ఈ దారిలో కష్టం కూడా టూల్‌లోనే చూడొచ్చు: 2006 ఆల్బమ్ తర్వాత ఇంకో ఆల్బమ్ రావడానికి 2019 దాకా పట్టింది. పదమూడేళ్లు! ఆ స్థాయి పేరున్న బ్యాండ్ కాబట్టి టూర్లతో నిలబడింది. చిన్న బ్యాండ్ అయితే అన్నేళ్ల మౌనాన్ని తట్టుకోవడం చాలా కష్టం.

రెండో దారి, అంటే చాలా బ్యాండ్లతో వాయించడం, అనగానే అందరూ బేసిస్ట్‌లు ట్రెవర్ డన్, స్టీవ్ డిజార్జియో పేర్లు చెబుతారు. డన్ ఫాంటోమాస్ బ్యాండ్‌లో వాయించాడు, టొమాహాక్ బ్యాండ్‌లో వాయించాడు, సంగీతకర్త జాన్ జోర్న్ మూన్‌చైల్డ్ బృందంలో వాయించాడు, మెల్విన్స్ లైట్ బ్యాండ్‌లో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) పట్టాడు. డిజార్జియో 'డెత్' అనే బ్యాండ్‌తో 1991లో డ్రమ్మర్ షాన్ రైనర్ట్ పక్కన, 1993లో జీన్ హోగ్లన్ పక్కన రికార్డ్ చేశాడు. టెస్టమెంట్ బ్యాండ్ 1999 ఆల్బమ్‌లో డేవ్ లొంబార్డో పక్కన వాయించాడు. ముగ్గురూ మూడు రకాల డ్రమ్మర్లు. ఇంతమంది దగ్గర నేర్చుకునే అవకాశం ఒక్క బ్యాండ్‌లో రాదు, ఒప్పుకుంటాను.

అయితే వీళ్ల కథని మొదటినుంచీ చూడండి. డన్ సొంత బ్యాండ్ మిస్టర్ బంగల్ 1985లో కాలిఫోర్నియాలోని యురేకాలో మొదలైంది, డన్ అప్పటినుంచీ ఉన్నాడు. 1991, 1995, 1999 ఆల్బమ్‌లు మూడింటికీ డ్రమ్మర్ డానీ హైఫెట్జే. డిజార్జియోకి సేడస్ అనే బ్యాండ్ ఉంది. 1988 నుంచి 2006 దాకా ఆ బ్యాండ్‌లో అతను వాయించిన ప్రతి ఆల్బమ్‌లోనూ డ్రమ్స్ మీద జాన్ అలెన్. అంటే ఊరంతా తిరిగినవాళ్లకి కూడా సొంత గూడు ఉంది, ఆ గూట్లో ఒక డ్రమ్మర్ ఉన్నాడు. తిరుగుడులో కూడా మంచి డ్రమ్మర్ని వాళ్లు వదులుకోలేదు: ఫాంటోమాస్‌లో లొంబార్డో పక్కన వాయించిన డన్, మిస్టర్ బంగల్ 2020లో మళ్లీ రికార్డ్ చేసినప్పుడూ అతని పక్కనే ఉన్నాడు. డిజార్జియో, హోగ్లన్ టెస్టమెంట్‌లో మళ్లీ కలిశారు.

అద్దెకి టూర్లు మాత్రమే చేస్తానంటే బతుకు గడవచ్చు, కానీ పాట పుట్టేచోట మీరుండరు. గాడ్‌ఫ్లెష్ బ్యాండ్‌లా డ్రమ్మర్ బదులు డ్రమ్ మెషిన్‌తో వెళ్లడం పూర్తిగా వేరే విద్య. బేసిస్ట్ జో ప్రెస్టన్ 'థ్రోన్స్' పేరుతో చేసినట్టు ఒంటరిగా చెయ్యాలంటే ముందు చెప్పుకోవడానికి మీ సొంత పాటలు ఉండాలి.

కాబట్టి ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకి నేను ఒక బ్యాండే చెబుతాను, కనీసం రెండు ఆల్బమ్‌ల దాకా. ఆ తర్వాత ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ మధ్య దొరికే ఖాళీలో బయటి పనులు ఒప్పుకోండి. కొత్త పాటలు కడుతున్న నెలల్లో మాత్రం ఎంత పెద్ద పేరు పిలిచినా వద్దు. బయట వాయించేచోట ఇంకో సంగతి చూసుకోవాలి: చాలాసార్లు ఫీజు ఒక్కసారే ఇస్తారు, పాట హక్కుల్లో వాటా ఉండదు. రిఫ్ మీద సొంతంగా లైన్ కట్టమంటే, దానికి రచయితగా పేరు వేస్తారా అని రికార్డింగ్‌కి ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడి ఊరుకున్నవాళ్లు తర్వాత బాధపడటం చాలాసార్లు చూశాను.