రోజూ ఆఫీసుకి పాత స్విఫ్ట్ పెట్రోల్: కొన్నేళ్లు నడిపాక

2021లో సెకండ్ హ్యాండ్ కారు వెతకడం మొదలుపెట్టినప్పుడు నా లెక్క చిన్నదే. నాలుగు లక్షలకు అటూ ఇటూ ఉండాలి, దారిలో ఆగిపోకూడదు, నడుపుతుంటే బోర్ కొట్టకూడదు. మియాపూర్‌లో ఇల్లు, నానక్‌రామ్‌గూడలో ఆఫీసు. హఫీజ్‌పేట, కొత్తగూడ, గచ్చిబౌలి మీదుగా రోజూ పోయి రావాలి. ఆ దారి తెలిసినవాళ్లకు ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. చివరికి 2015 మోడల్ మారుతి స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ (హంగులు ఎక్కువుండే పై వేరియంట్) పెట్రోల్ తీసుకున్నాను. ఇప్పుడు మీటరు లక్ష దాటింది. ఇలాంటి కారు మీద కన్నేసినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు ఈ మోడల్ గురించి. మన దేశంలో స్విఫ్ట్ మొదట 2005లో వచ్చింది. నేను చెప్పేది 2011 ఆగస్టులో వచ్చి, 2018లో కొత్త రూపు వచ్చేదాకా అమ్ముడైన రెండో తరం గురించి. 1197 సీసీ, నాలుగు సిలిండర్ల కె-సిరీస్ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. పవర్ 85 హార్స్‌పవర్ దగ్గర్లో ఉంటుంది. కాగితం మీద చూస్తే గొప్ప అంకె కాదు. కానీ బండి బరువు టన్నులోపే. సరదా అంతా అక్కడుంది.

కారు సరదాగా ఉందా లేదా అని అడిగితే చాలామంది సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అని లెక్కపెడతారు. కొత్తగూడ జంక్షన్‌లో ఆ లెక్క దేనికి? అక్కడ మనం తిరిగేది ఇరవై, ముప్ఫై, మహా అయితే యాభై స్పీడులో. ఆ స్పీడులో స్టీరింగ్ చేతికి ఎలా తగులుతోంది, గేరు ఎంత సాఫీగా పడుతోంది, ఆటో సడన్‌గా అడ్డొస్తే బండి ఎంత చురుగ్గా పక్కకు తప్పుకుంటోంది, ఇవే లెక్క. ఈ తరం స్విఫ్ట్ ఇక్కడే మార్కులు కొట్టేస్తుంది. గేరు లివరు పొట్టిగా చేతికి అందుతుంది, రెండు నుంచి మూడుకి మణికట్టుతో మారిపోతుంది. పొడవు 3850 మిల్లీమీటర్లే కాబట్టి ఇరుకు సందుల్లో టెన్షన్ ఉండదు. యూటర్న్ ఒకే వంపులో అయిపోతుంది.

ఒక మాట చెప్పాలి. ఈ ఇంజిన్‌కి అసలు ఊపు 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది. ఏసీ వేసుకుని నలుగురితో ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్లోనే లాగుదామంటే మొరాయిస్తుంది. రెండులోకి దింపి కాస్త గట్టిగా తొక్కాలి. అప్పుడు గొంతు విప్పుతుంది. నాకు అది ఇష్టం. డీజిల్ అలవాటైనవాళ్లకు, తక్కువ ఆర్‌పీఎంలో లాగాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

డీజిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఇదే స్విఫ్ట్‌లో 1.3 లీటర్ల డీజిల్ ఉండేది, 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. హైవే మీద మజాగా ఉంటుంది. కానీ టర్బో అందుకునేదాకా నీరసం, ఆ తర్వాత ఒక్కసారిగా ఊపు. బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి ఎడమకాలు పీకేస్తుంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లు కాకపోతే ఇప్పుడు పాత డీజిల్ జోలికి వెళ్లొద్దనే నేనంటాను.

వేరేవి చూడలేదా అంటే చూశాను. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ నడిపాను. అది వేరే లోకం, ఒప్పుకుంటా. కానీ అందులో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉంటుంది. పాతబడ్డాక దానికి పనిపడితే బిల్లు కారు విలువలో పెద్ద ముక్కే అవుతుంది. చవక కారు వెతికేవాడికి అది పడదు. ఫోర్డ్ ఫిగో స్టీరింగ్ స్విఫ్ట్ కంటే బాగుంటుందనే నా అభిప్రాయం. సరిగ్గా నేను వెతుకుతున్న రోజుల్లోనే, 2021 సెప్టెంబరులో, ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీస్ ఉంటుందన్నారు, అయినా నాకు ధైర్యం చాలలేదు. దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ ఉన్నవాళ్లకు మాత్రం ఫిగో ఇప్పటికీ మంచి బేరమే. హోండా జాజ్‌లో చోటు బోలెడు, వెనక సీట్లు మడిస్తే సైకిల్ పట్టేస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలు తరచూ వెనక కూర్చునేట్టయితే నేను అదే కొనేవాణ్ణి. ఐ10 నిక్షేపంలాంటి బండి. గొడవ పెట్టదు, అలాగని నడిపాక గుర్తూ ఉండదు.

ఇక కొనడం. మోడల్ ఎంచుకోవడం ఒక పూట పని. ఆ మోడల్‌లో మంచి బండి దొరకబుచ్చుకోవడమే అసలు పని. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలలో చూసిన బండ్లన్నీ పైకి తళతళలాడాయి. మీటర్ తిప్పడం మన దగ్గర కొత్త విద్యేం కాదు కాబట్టి నేను మీటరు చూడడం మానేసి పెడళ్లు చూసేవాణ్ణి. ముప్ఫై వేలు తిరిగిందన్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఇంకేం అడగాలి? స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటు అంచు, గేర్ నాబ్ కూడా నిజమే చెబుతాయి. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని. అద్దాల మీద కూడా తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. మూడు డోర్ల అద్దాలు ఒక ఏడాదివి, నాలుగోది వేరే ఏడాదిదైతే ఆ పక్కన ఏదో జరిగిందన్నమాట. జరిగితే తప్పు కాదు, దాస్తేనే తప్పు.

నీళ్లలో మునిగిన కార్ల విషయంలో మరీ జాగ్రత్త. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్ని సెల్లార్లు మునిగాయో చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండ్లు కడిగి, పాలిష్ కొట్టి ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు మొత్తం చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే వదిలేయండి. సీటు కింద పట్టాలకు తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, తివాచీ ఎత్తితే ముక్కిపోయిన వాసన... ఇవి ఎంత సెంటు కొట్టినా పోవు.

నా బండి కన్సల్టెన్సీలో దొరకలేదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మొదటి ఓనరు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. సర్వీస్ బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉంచారు, చివరికి వైపర్ బ్లేడ్లు మార్చిన రసీదు కూడా. మార్కెట్ కంటే పదిహేను వేలు ఎక్కువే అడిగారు. ఇచ్చేశాను. బేరం ఆడదామని నోరు తెరిచేలోపే, “బాబూ, టైర్లు కొత్తవి, బ్యాటరీ పోయినేడే వేయించా, ఇంక తగ్గించను” అన్నారు. ఆ ఫైలు చూశాక తగ్గించమనడానికి నాకూ మనసొప్పలేదు. ఒక్కో కారు చరిత్ర ఒక్కోలా ఉంటుంది. అందుకే బ్రాండ్ పేరు కంటే, ఎవరు ఎలా వాడారన్నదే పాత కారు ఖరీదు తేల్చాలి.

కాగితాల దగ్గర బద్ధకం వద్దు. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో పాటు ఆర్‌సీలో లోన్ తీసేయించే ఫారం 35, పెండింగ్ చలాన్లు, అన్నీ డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. ఇన్సూరెన్స్ మన పేరు మీదకు మార్చమని పద్నాలుగు రోజుల్లోపు కంపెనీకి చెప్పాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకు రాదు, అది ఆయనతోనే పోతుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి, అక్కడి కార్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. రేటు చూసి ఆశపడితే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్ తిరుగుడు కలిపి లెక్కేసేసరికి ఆ చవక కాస్తా కరిగిపోతుంది.

ఇన్నేళ్లలో ఖర్చేంటి? ఏటా ఆయిల్, ఫిల్టర్లు. ఇంజిన్‌కి టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. టైర్లు ఒకసారి మార్చాను, 185/65 ఆర్15 సైజు, నాలుగూ కలిపి ఇరవై వేల పైచిలుకు. లక్ష దగ్గర పడుతుండగా క్లచ్ ప్లేట్ వేయించాను. మా ట్రాఫిక్‌లో అంతకాలం రావడమే ఎక్కువ. సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మన స్పీడ్ బ్రేకర్లకు అరిగిపోయాయి. ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు మొదలైతే ఆలస్యం చేయకండి, చిన్న ఖర్చుతో పోతుంది. బుష్‌లు మార్చి అలైన్‌మెంట్ చేయించాక బండి మళ్లీ బిగువుగా అయింది. పాత కారు కొనేవాళ్లకు నా సలహా ఇదే. మ్యూజిక్ సిస్టం, సీటు కవర్ల కంటే ముందు ఆ డబ్బు టైర్లకూ సస్పెన్షన్‌కూ పెట్టండి. సరదా అక్కడి నుంచే వస్తుంది.

పెద్ద గొడవ ఒక్కటే, అదీ ఎలుకలతో. సెల్లార్లో మా స్లాటు చెత్తడబ్బాల పక్కనే. ఒక వానాకాలం వైర్లు కొరికేశాయి, ఏసీ ఆగిపోయింది. పొగాకు కట్టలు పెట్టమని ఒకరు, ఫినాయిల్ గోళీలు వేయమని ఇంకొకరు. రెండూ చేశాం. ఎలుకలకు అలవాటైపోయింది. చివరికి కింద మెష్ బిగించి, పక్కింటి అంకుల్‌ని బతిమాలి స్లాటు మార్చుకున్నాక శాంతి.

మైలేజీ ఆఫీసు దారిలో ఏసీతో పన్నెండు, పదమూడు. విజయవాడ హైవే మీద తొంభై దాటకుండా పోతే పదిహేడు, పద్దెనిమిది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఈ కాలం నాటి ఇంజిన్లు దానికోసం చేసినవి కావు. పాత కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లోనే ఉంది. నాకూ కాస్త తగ్గినట్టే అనిపిస్తోంది. ట్రాఫిక్ రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి ఎంతని తేల్చి చెప్పలేను. పాత బండిని వారాల తరబడి కదపకుండా అదే పెట్రోల్‌తో ఉంచకుండా చూసుకుంటున్నా, అంతే.

లోపాలు దాచను. డిక్కీ 204 లీటర్లే. ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడికాయల బుట్ట ఎక్కిస్తే బ్యాగులు వెనక సీటు ఎక్కాల్సిందే. వెనక కిటికీలు చిన్నవి, పెద్దవాళ్లకు ఉక్కగా ఉంటుంది. రివర్స్‌లో వెనక సరిగా కనపడదు, సెన్సార్లు పెట్టించుకోండి. అన్నిటికంటే పెద్దది భద్రత. ఎయిర్‌బ్యాగులు లేని ఈ తరం స్విఫ్ట్‌కు 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసిన క్రాష్ పరీక్షలో పెద్దల రక్షణకు సున్నా స్టార్లు వచ్చాయి. నేను పట్టుబట్టి జెడ్‌ఎక్స్‌ఐ వెతికింది అందుకే, అందులో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటాయి. అవి ఉన్నంత మాత్రాన బాడీ మారదు. అది తెలుసుకునే నడపాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120కి అనుమతి ఉన్న లేన్లున్నా ఈ బండితో నేను వందలోపే. వందలో కూడా టైర్ల చప్పుడు లోపలికి బాగానే వస్తుంది.

దీని అసలు పండగ ఘాట్ రోడ్డు. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు కాబట్టి తెల్లవారే బయల్దేరుతాం. అడవిలో జంతువులు తిరిగే చోట నెమ్మదిగానే పోవాలి. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపులు, అక్కడి నుంచి మళ్లీ పైకెక్కే మలుపులు వచ్చినప్పుడు రెండు, మూడు గేర్ల మధ్యే ఆట. యాభై లోపు స్పీడులో అంత ఆనందం ఇచ్చే కారు ఈ డబ్బుకి నాకింకోటి కనపడలేదు. పక్కన కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పితే నాకు సంబంధం లేదు.

ఇప్పుడు కొనేవాళ్లకు ఒక కలిసొచ్చే సంగతి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త కార్ల రేట్లు తగ్గాయి కాబట్టి పాతవాటిని పాత రేటుకే అమ్ముతామంటే ఒప్పుకోకండి. 2016, 2017 మోడల్ జెడ్‌ఎక్స్‌ఐ, ఒకే ఓనరు, సర్వీస్ ఫైలు ఉన్నది దొరికితే వదలొద్దు. ఆర్‌సీ 2031, 2032 దాకా ఉంటుంది. నాది 2030 దాకా ఉంది, అప్పటిదాకా అమ్మే ఆలోచన లేదు.