పత్తర్‌గట్టి ముత్యాల బజారు: ముత్యాలు సరే, వజ్రాలకు మాత్రం ఆలోచించాలి

హైదరాబాదు పాతబస్తీలో చార్‌కమాన్ దాటి మదీనా కూడలి వైపు సాగే దారికి ఇరుపక్కలా, నిజాం కాలపు రాతి కమానుల కింద ఉన్న పత్తర్‌గట్టి దుకాణాలలో ముత్యాల దండలనూ వజ్రాల దుద్దులనూ పక్కపక్క బల్లల మీదే అమ్ముతారు. అందువల్ల రెండింటి నాణ్యతనూ ఒకే శ్రద్ధతో వివరిస్తారని అనుకోవడం సహజం. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి ఒక ముత్యాల దండ, ఒక జత చిన్న వజ్రాల దుద్దులు కొనడానికి వెళ్ళినప్పుడు మాకు కనిపించింది వేరు. ముత్యాలకు ఈ బజారును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, వజ్రాలకు చేయలేను.

మేము ఎక్కువసేపు కూర్చున్న దుకాణంలో పెద్దవయసు వర్తకుడు తెల్లని గుడ్డ పరిచి, దాదాపు ఏడు మిల్లీమీటర్ల ముత్యాలు ఉన్న మూడు దండలను పక్కపక్కన పెట్టారు. చూడగానే మూడూ ఒక్కలాగే ఉన్నాయి, ధరలలో మాత్రం హస్తిమశకాంతరం. "మేడమ్, ముత్యంలో పైన ట్యూబులైటు చూడండి" అన్నారాయన. మొదటి దండలో ఆ వెలుగు గీత అంచులతో సహా స్పష్టంగా కనిపించింది, రెండవదానిలో కాస్త చెదిరింది, మూడవదానిలో పాలలాంటి తెల్లదనమే తప్ప గీత జాడ లేదు. ముత్యంలో మొదట చూడవలసింది ఈ మెరుపునే. పరిమాణం, గుండ్రదనం, ఉపరితలం మీది గుంటలు, రంగు, దండలోని ముత్యాలు ఒకదానికొకటి సరిపోలడం ఆ తరువాతి విషయాలు. పైపొర మందంగా, సమంగా పేరుకున్న ముత్యమే అంత స్పష్టంగా ప్రతిబింబిస్తుంది. ఆయన దండను గుడ్డ మీద మెల్లగా దొర్లించి చూపించారు కూడా. రంధ్రం మధ్యలో పడని ముత్యం దొర్లేటప్పుడు కుంటుతుంది, అదే మెడలో వేసుకుంటే ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

తరువాత భూతద్దంతో రంధ్రం అంచులను చూపించారు. ఈ బజారులో అమ్మే వాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలు; వీటిలో చాలావరకు లోపల పూస ఉండదు, మొత్తం ముత్యపు పొరలే. జపాన్ అకోయా ముత్యాలలో మాత్రం గుండ్రని పూస చుట్టూ పొర పెరుగుతుంది, ఆ పొర పలచనైతే రంధ్రం దగ్గర పూసకూ పొరకూ మధ్య గీత కనిపిస్తుంది. రంగు వేసిన ముత్యమైతే రంధ్రం చుట్టూ రంగు ముదురుగా పేరుకుంటుంది. తక్కువ ధరకు దొరికే నల్లని మంచినీటి ముత్యాలకు సాధారణంగా రంగు వేసే ఉంటుంది. అందులో మోసం లేదు గానీ, ఆ మాట బిల్లులో ఉండాలి.

పళ్ళకు రుద్దితే గరుకుగా తగిలినంత మాత్రాన అది సముద్రంలో సహజంగా పుట్టిన ముత్యమని చెప్పలేం. గాజు, ప్లాస్టిక్ నకిలీలను వేరు చేయడానికి ఆ పరీక్ష కొంత పనికివస్తుంది, పెంచిన ముత్యాన్నీ సహజమైనదాన్నీ మాత్రం వేరు చేయదు. దానికి ప్రయోగశాలలో ఎక్స్‌రే తీయవలసిందే. కనుక "అసలు బస్రా" (పర్షియన్ గల్ఫ్‌లో సహజంగా పుట్టిన ముత్యం) అని ఎవరైనా అంటే ప్రయోగశాల నివేదిక అడగాలి. హైదరాబాదుకు సముద్రమే లేదు. ఈ ఊరికి పేరు తెచ్చినవి ముత్యాలను ఏరడం, తొలచడం, గుచ్చడం అనే చేతిపనులు.

వజ్రాల బల్ల దగ్గరికి వచ్చేసరికి అదే దుకాణంలో మాట తీరు మారింది. అక్కడి యువకుడు ప్రతి జతనూ "వీవీఎస్, ఈఎఫ్" అంటూ చూపించాడు. రంగును, అసలు రంగు లేని డి నుంచి పసుపు ఛాయ ఉన్న జడ్ వరకు అక్షరాలతో లెక్కిస్తారు కనుక ఈ, ఎఫ్ అంటే దాదాపు రంగే లేనివి. వీవీఎస్ స్వచ్ఛత స్థాయి, అంటే పదిరెట్లు పెద్దది చేసే భూతద్దంలో నిపుణుడికి కూడా లోపం కష్టం మీద కనిపించేవి. ఆ స్థాయిని ఎవరు నిర్ణయించారని అడిగితే "మా గ్యారంటీ" అన్నాడే తప్ప ప్రయోగశాల నివేదిక చూపించలేదు. పెన్ను లాంటి పరికరం తాకించి బీప్ మోగించాడు. ఆ పరికరం చూసేది రాయి వేడిని ఎంత త్వరగా లాగుకుంటుందో మాత్రమే. ప్రయోగశాలలో పెంచిన వజ్రానికి కూడా అది అలాగే మోగుతుంది, ఆ వజ్రం ధర మాత్రం సహజమైనదానికంటే చాలా తక్కువ. పైగా ఒక జతకు వెనుక భాగమంతా బంగారంతో మూసి ఉండడం వల్ల రాయి లోపలి రంగు చూసే వీలే లేకపోయింది.

బల్ల మీది గట్టి దీపాల కింద ఏ రాయి అయినా తళుక్కుమంటుంది. మేము పట్టుబట్టి గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి తెచ్చి చూస్తే రెండు జతలలో రాయి నడిమి భాగం చీకటిగా కనిపించింది. రంగు, స్వచ్ఛత ఎంత గొప్పవైనా చెక్కడం సరిగా లేకపోతే పైనుంచి పడిన వెలుగు తిరిగి కంటికి రాదు. ఆ మాటకొస్తే పసుపు బంగారంలో పొదిగే చిన్న దుద్దులకు ఈ, ఎఫ్ రంగుల కోసం అదనంగా చెల్లించడం నాకు దండగనిపిస్తుంది. జి, హెచ్ రంగులో మంచి చెక్కడం ఉన్న రాయి మేలు. "గోల్కొండ వజ్రం" అనే మాట కూడా వినిపించింది. గోల్కొండ వ్యాపార కేంద్రం. గనులు కృష్ణా తీరంలో కొల్లూరు వంటి చోట్ల ఉండేవి, ఇప్పుడు అక్కడి నుంచి కొత్త సరుకు రావడం లేదు.

చివరికి దుద్దులను బషీర్‌బాగ్‌లో, ప్రయోగశాల నివేదిక ఇచ్చిన మరో దుకాణంలో తీసుకున్నాం. బంగారానికి ఆరు అక్షరాంకెల హాల్‌మార్కు సంఖ్య ఉందా, రాళ్ళ బరువును బంగారం బరువులోంచి తీసివేశారా అన్నది బిల్లులో చూసుకోవాలి. వజ్రాల బరువును కొలిచే క్యారెట్ ఒక్కటి 0.2 గ్రాములు.

ముత్యాల దండను మాత్రం పత్తర్‌గట్టిలోనే కొన్నాం. ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేసి పట్టుదారంతో గుచ్చించారు. దారం తెగినా ఒక్క ముత్యమే జారుతుంది. చెమట, అత్తరు తగిలే కొద్దీ మెరుపు తగ్గుతుందనీ, అలంకరణ అంతా అయ్యాకే వేసుకోవాలనీ వర్తకుడు చెప్పారు. దారం సాగినప్పుడు మళ్ళీ గుచ్చడానికి డబ్బు తీసుకోబోమని చెప్పారు, ఆ మాటను బిల్లు మీదే రాయించుకున్నాం.