చీరల కొట్టులో కిన్‌ఫోక్: ఏళ్ల తరబడి చదివాక నా మాట

నెల్లూరులో నాకో చిన్న చేనేత చీరల కొట్టు ఉంది. వచ్చినవాళ్లు కూర్చునే చోట, బల్ల మీద, కొన్నేళ్లుగా కిన్‌ఫోక్ అనే ఇంగ్లీషు పత్రిక సంచికలు ఉంటున్నాయి. బెంగళూరులో చదువుకునేటప్పుడు మా తమ్ముడు తెచ్చిచ్చిన పాత సంచికతో మొదలైంది. తర్వాత నేనే తెప్పించుకుంటున్నాను. తిండి, బట్టలు, బొమ్మలు, మాటామంతీ, ఈ నాలుగూ ఒకే అట్టల మధ్య ఇంత శ్రద్ధగా పెట్టిన పత్రిక తెలుగులో నాకు దొరకలేదు. అందుకే దీన్ని వదల్లేదు.

2011లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో నేథన్ విలియమ్స్, ఆయన భార్య, స్నేహితులు కలిసి దీన్ని మొదలుపెట్టారు. తర్వాత మకాం కోపెన్‌హేగన్‌కు మారింది. మూడు నెలలకో సంచిక వస్తుంది. మొదట్లో ఇది నలుగురిని ఇంటికి పిలిచి భోజనం పెట్టడం గురించిన పత్రిక. ఒక వంటకం, బల్ల సర్దే తీరు, ఓ చిన్న వ్యాసం. పోనుపోను బట్టలు, ఇళ్లు, చిత్రకారులతోనూ రచయితలతోనూ సంభాషణలు పెరిగాయి, వంట వెనక్కి జరిగింది. నా మటుకు నాకు మారాకే పత్రిక ఎదిగిందనిపిస్తుంది.

దీనికి పేరు తెచ్చింది ఫొటోలే. పగటి వెలుతురు, అణిగిన రంగులు, మెరుపు లేని మందపాటి కాగితం, పేజీలో సగం ఖాళీ. తెల్లటి బల్ల మీద కాఫీ కప్పును పైనుంచి ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పోకడ ఊరూరా పాకడానికి ఈ పత్రిక కూడా ఒక కారణం. మా కొట్టుకొచ్చే ఒక పెద్దావిడ తిరగేసి, "ఏందమ్మా, కాయితం ఇంత ఖాళీగా వొదిలేసుండారు? ఇంకో నాలుగు బొమ్మలేసుంటే ఏం పొయ్యింది?" అని అడిగింది. ఆ ఖాళీయే నాకు బాగా పనికొచ్చింది. ఇదివరకు చీరల ఫొటోలంటే ట్యూబులైటు కింద, వెనక ప్లాస్టిక్ పూలతో, ఫ్లాష్ కొట్టి తీయించేదాన్ని. ఇప్పుడు పొద్దున పూట తూర్పు కిటికీ పక్కన, సున్నం గోడ ముందు, ఒక్క పమిటచెంగు మాత్రమే తీస్తాం. వెంకటగిరి జాందానీ నేతలో బుటాకు, అంటే చీర మీది పువ్వుకు, వేరే దారం చేత్తో ఎక్కించి నేస్తారు, చీర తిరగేసినా పువ్వు దాదాపు అంతే శుభ్రంగా ఉంటుంది. నూరో నంబరు నూలు సన్నదనమంతా పక్కనుంచి పడే వెలుతురులోనే తెలుస్తుంది, ఫ్లాష్ పడితే చచ్చిపోతుంది. వాట్సాప్‌లో చూసి కొన్నవాళ్లు "రంగు వేరేగా వచ్చిందే" అని ఫోన్ చేయడం బాగా తగ్గింది. ఒక పత్రిక వల్ల నా వ్యాపారానికి ఇంత మేలు జరుగుతుందని అనుకోలేదు.

ఫ్యాషన్ పేజీల్లో కనిపించే బట్టలు మనం కొనేవి కావు, వేసుకునేవీ కావు. అయినా నేను వాటిని నిదానంగా చూస్తాను. గుడ్డ ఎక్కడ వాలింది, మడత ఎక్కడ ఆగింది, చెయ్యి ఎత్తితే భుజం దగ్గర ఏమైంది, అన్నీ ఆ ఫొటోల్లో తెలుస్తాయి. బట్టను మనిషి ఒంటి మీద ఉన్న వస్తువుగా చూపిస్తారు. మన పెళ్లి ఆల్బమ్‌లలో చీర చూడండి, నగల కింద ఎక్కడో ఉంటుంది.

ఇక తిండి. ఇక్కడే నాకు దీంతో పేచీ. ఈ పత్రిక వంటింట్లో పొగ ఉండదు, తాలింపు ఘాటు ఉండదు, అన్నంలో వేళ్లు పెట్టిన మనిషి దాదాపు కనబడడు. మా చేపల పులుసును ఆ పేజీల్లో ఊహించుకోండి. మామిడికాయ ముక్కలు వేసి, మట్టి దాకలో కాచి, రాత్రంతా అట్టే ఉంచి, మర్నాడు పొద్దున నూనె పైకి తేలినాక తినే పులుసు అది. ఆ ఎరుపును అణిచేస్తే అది చేపల పులుసే కాదు. తినేటప్పుడు ముల్లు తీసి పళ్లెం అంచున పెడతాం, పిల్లలకు ముక్క విడదీసి పెడతాం, వడ్డించే ఆవిడ చివర్లో అడుగున మిగిలింది కలుపుకుంటుంది. భోజనం అంటే ఇవన్నీ కూడా. చక్కగా సర్దిన బల్ల ఫొటో చూసినప్పుడల్లా ఆ బల్లకు వండినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో నేను వెతుక్కుంటాను. కొయ్య గరిటెలు మాత్రం ఈ పత్రికలో కంటికి ఇంపుగా ఉంటాయి. వాటిని చూసి ముచ్చటపడే వాళ్లకు నేను ఉదయగిరి కొయ్య చెంచాలు తీసి చూపిస్తాను. మన జిల్లాలోనే, నర్దిలాంటి చెక్కతో, చేత్తో చెక్కినవి.

2014 వేసవిలో ఉప్పునీటి మీద ఒక సంచిక తెచ్చారు. అది చేతిలోకి తీసుకుంటే నాకు అల్లూరు పక్కన ఇసకపల్లి ఉప్పు కొఠార్లు మెదులుతాయి. ఆ ఎండలో ఉప్పు లాగేవాళ్లు మధ్యాహ్నం క్యారేజీలో ఏం తెచ్చుకుంటారు, తలకు ఏ గుడ్డ చుట్టుకుంటారు, నీడకు చేరినప్పుడు ఏం మాట్లాడుకుంటారు? తిండి, బట్ట, మాట. ఈ పత్రిక పెట్టుకున్న పనంతా ఆ మళ్ల గట్టు మీదే ఉంది. అలాంటి పేజీలు మనవాళ్లెవరైనా తెలుగులో వేస్తే మొదటి చందా నాదే.

సంభాషణల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చివరికి నా దగ్గర మిగిలింది అవే. ఫొటో ఎంత బాగున్నా రెండోసారి చూసేసరికి పాతబడుతుంది. ముఖాముఖి మాత్రం మళ్లీ చదివితే ఇంకో చోట ఆపుతుంది. ప్రశ్న పొట్టిగా ఉంటుంది, జవాబుకు చోటు ఉంటుంది. కొత్త పుస్తకమో సినిమానో అమ్ముకోవడానికి వచ్చిన మనిషి చేత కూడా పనిలో అలవాట్ల గురించి, చిన్నతనం గురించి, చేయలేకపోయిన వాటి గురించి మాట్లాడిస్తారు.

ఇవి చదివిన తర్వాత మగ్గాల దగ్గరికి వెళ్లినప్పుడు నేను అడిగే తీరు మారింది. ఇదివరకు ఎన్నాళ్లు పట్టింది, కూలి ఎంత పడింది, ఇంతే. ఒకసారి వెంకటగిరిలో, "ఈ హంస ఎవరి దగ్గర నేర్చుకున్నావు మామా?" అన్నాను. ఆయన నేత ఆపి, "మా నాయన మగ్గం గుంటలో పక్కన కూర్చోబెట్టుకోని పాట పాడతా లెక్క చెప్పేవోడమ్మా. ఇప్పుటికీ పాట మరిస్తే హంస మెడ వొంకర పోతాది" అన్నాడు. ఆ పాట కూడా పాడాడు. ఆ మాటలు చీటీ మీద రాసి ఆ చీరకు కుట్టి అమ్మాను. ఇప్పుడు చాలా చీరలకు అలాంటి చీటీ ఉంటుంది. కొన్నవాళ్లు ముందు ధర చూస్తారు, తర్వాత చీటీ చదువుతారు, కొందరు చీటీ చదివాక బేరం ఆడటం మానేస్తారు.

చిన్న చిన్న కూడికల గురించి పుట్టిన పత్రిక ఇది. మాది పెద్ద కూడికల ఊరు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా పక్కన, రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని నీళ్లలో నిలబడి అడుగుతారు. మొక్కు తీరినవాళ్లు మర్నాటి ఏడాది అదే రొట్టె తెచ్చి ఇస్తారు. హిందువులు, ముస్లిములు అందరూ వస్తారు. ముక్కూమొహం తెలియని ఆవిడ చేతి రొట్టె తీసుకుని, ఆమె ఇంటి సంగతంతా విని రావచ్చు. పదిమంది బల్లే ఆప్యాయత అని ఈ పత్రిక పదేపదే చెబుతుంటే నేను ఒప్పుకోలేను. ఒప్పుకోలేకపోయినా, ఈసారి చెరువులో దిగినప్పుడు పక్కావిడను ఏం అడగాలో నాకు తెలుసు, అది ఈ పత్రిక నేర్పిందే.

ధర మాత్రం భారమే. అట్ట మీద డాలర్లలో ఉండేది, కొరియరు కలిపి మన చేతికొచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. ఏడాది చందా కంటే విషయం చూసి విడిగా కొనుక్కోవడం నయం. మన సముద్రపు గాలికి ఆ కాగితం చెమ్మ పీల్చుకుని వానాకాలంలో అలలు తేలుతుంది, నిలబెట్టకుండా పడుకోబెట్టి, నూలుగుడ్డ చుట్టి, మధ్యలో వేపాకు పెట్టుకోండి. వంటల కోసమైతే తొలి ఏళ్ల సంచికలు వెతకండి, మాటల కోసమైతే తర్వాతివి. ఇంగ్లీషు వాక్యాలు తేలికగానే ఉంటాయి. మా కొట్టులో పనిచేసే అమ్మాయి డిగ్రీ తెలుగు మీడియంలో చదివింది. కొత్త సంచిక రాగానే ముందు చివరి పేజీల్లోని పదకేళి తీస్తుంది, దాంట్లో చిక్కిన మాటలతో ఆ వారమంతా ముఖాముఖిలు పూర్తి చేస్తుంది.