విశాఖలో పెన్‌డ్రైవ్‌లు కొంటున్నారా? 64 జీబీ అని 8 జీబీవి అంటగడుతున్నారు, జాగ్రత్త

జగదాంబ కూడలి పరిసరాల్లోని ఒక దుకాణంలో నేను కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లన్నీ నకిలీవని తేలింది. ఏడాది చివర కానుకల కోసం ఇలాంటివి కొనేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి వెంటనే రాస్తున్నాను.

ఆ ఏడాది నాకు కొత్తగా పరిచయమైన సంగీతాన్ని డిసెంబరులో స్నేహితులకు పంచడం నా అలవాటు. ఈసారి అన్నీ పాత గ్రామఫోను రికార్డులే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, వీణ ధనమ్మాళ్, రాజరత్నం పిళ్లై నాదస్వరం. హిందుస్తానీ విద్వాంసుడు అబ్దుల్ కరీం ఖాన్ త్యాగరాజ కృతి పాడి రికార్డు ఇచ్చారని నాకు ఈ ఏడే తెలిసింది. అది విన్న పూట మరో పని చేయబుద్ధి కాలేదు. (మన దేశంలో రికార్డింగుపై హక్కు 60 ఏళ్లే. కాబట్టి అంత పాతవాటిని నిశ్చింతగా పంచుకోవచ్చు.) నాణ్యత తగ్గకూడదని, కుదించని వేవ్ ఫైళ్లుగానే ఒక్కో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నిమిషానికి సుమారు 10 ఎంబీ చొప్పున మొత్తం 12 జీబీ దాటింది.

ఎక్కించేటప్పుడు ఏ తేడా కనిపించలేదు. సీతమ్మధారలో ఉండే మాస్టారు ఫోన్ చేసి, "ద్వారం వారిది బాగానే వినిపించిందమ్మా, పిళ్లై గారిది పెడితే ఉలుకూ పలుకూ లేదు" అన్నారు. తీసుకున్న మిగతావాళ్లదీ అదే మాట. పేర్లన్నీ ఉన్నాయి, సైజులూ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం లేదు.

మోసం ఎక్కడంటే, లోపల ఉన్న చిప్ 8 జీబీదే. దాన్ని నడిపే కంట్రోలర్‌లో 64 అని చెప్పేలా మార్పు చేస్తారు. కంప్యూటర్ ఆ మాట నమ్మి రాసుకుంటూ పోతుంది. ఫైళ్ల జాబితా డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి చెక్కుచెదరదు. 8 జీబీ దాటిన సరుకు మాత్రం గాలికి పోతుంది, లేదా ముందు రాసినదాన్నే చెరిపేస్తుంది. పాటలు పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. పెళ్లి ఫొటోలు దాచి, ఫోన్‌లోంచి తీసేసినవాళ్ల మాటేమిటి? నా బాధంతా అదే.

దుకాణానికి వెళ్తే, "కంప్యూటర్‌లో 64 అని చూపిస్తోంది కదండీ" అని అక్కడే పెట్టి చూపించారు. వాపసు తీసుకోబోమని చెప్పేశారు. ప్యాకెట్టు తిప్పి చూస్తే ఎమ్మార్పీ లేదు, దిగుమతిదారు పేరూ చిరునామా లేవు, వెనక అచ్చు అక్షరాలు వేలితో రుద్దితే చెరిగిపోతున్నాయి.

కొన్నవెంటనే, ఏమీ ఎక్కించకముందే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యు (H2testw), లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 (F3) అనే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఇవి డ్రైవ్‌ను నిండా నింపి, తిరిగి చదివి, అసలు సామర్థ్యం ఎంతో తేలుస్తాయి. గంటలు పట్టినా ఓపిక పట్టండి. అసలైన 64 జీబీ డ్రైవ్ కూడా విండోస్‌లో 59 దగ్గరే చూపిస్తుంది. అది లెక్క కట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపారమే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన మన హక్కు పోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు, ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువుంది.

ఈ మధ్య అటువైపు కొన్నవాళ్లు వాటిలో దాచుకున్న ఫైళ్లను ఈరోజే ఒక్కొక్కటిగా తెరిచి చూసుకోండి. అసలు ప్రతులు ఫోన్‌లో ఇంకా ఉంటే, ఈ పరీక్ష పూర్తయ్యేదాకా వాటిని తీసేయకండి.